యెస్ పైపు పెట్టి ఆప్ట్ స్క్రిప్టు నడిపాను, ల్యాబ్ మొత్తానికి నెట్ పోయింది

గోదావరి_గట్టు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేనొక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. రెండు గదుల్లో కలిపి 64 సిస్టమ్‌లు, వాటికి ముందు ఒక సర్వర్. అన్నిట్లోనూ ఉబుంటు లినక్స్ 20.04. పిల్లల నెట్ అంతా సర్వర్‌లోని స్క్విడ్ ప్రాక్సీ (ఎవరికి నెట్ ఇవ్వాలో చూసే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్) గుండానే పోతుంది.

20.04కి మామూలు సపోర్టు 2025 మే నెలతో అయిపోయింది. ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని 22.04కి మార్చుకుంటూ పోవాలంటే నాకున్న టైమ్ చాలదు. అందుకని షెల్ స్క్రిప్టు రాసుకున్నాను. ఐపీలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి, మొదటి లైను సర్వర్‌ది. స్క్రిప్టు ఒక్కో లైను చదివి, ఎస్ఎస్‌హెచ్‌తో దూరం నుంచే ఆ సిస్టమ్‌లోకి వెళ్లి, సోర్సెస్ లిస్టులో (ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఉండే ఫైలు) ఫోకల్ (20.04 పేరు) అని ఉన్నచోటల్లా జామీ (22.04 పేరు) అని సెడ్ కమాండ్‌తో మార్చి, అప్‌డేట్ చేసి, ప్యాకేజీలు వేసే ఆప్ట్-గెట్‌తో డిస్ట్-అప్‌గ్రేడ్ నడుపుతుంది. మధ్యలో ఏ ప్రశ్నో అడిగి ఆగిపోకుండా ముందు యెస్ కమాండ్ పెట్టి, అది ఇచ్చే జవాబులు ఆప్ట్-గెట్‌కి వెళ్లేలా పైపు చేశాను.

శనివారం రాత్రి సర్వర్‌తో కలిపి 11 ఐపీలు ఇచ్చి, నడిపి, ఇంటికొచ్చేశాను. ఆదివారం లాగ్‌లో ఎర్రర్ అనే మాట కోసం వెతికితే ఒక్కటీ లేదు. ఇవాళ పొద్దున ల్యాబ్ తెరిస్తే ఏ సిస్టమ్‌లోనూ నెట్ లేదు. స్క్విడ్ సర్వీసు నడుస్తూనే ఉంది, కానీ యాక్సెస్ లాగ్‌లో ప్రతి లైనూ టీసీపీ డినైడ్ 403, అంటే అనుమతి లేదని. ఇంకో సంగతి, 11లో సర్వర్ ఒక్కటే 22.04కి మారింది. మిగతా పదింటి జోలికే స్క్రిప్టు పోలేదు. ఫస్టియర్ ప్రాక్టికల్స్ మధ్యాహ్నం దాకా ఆగిపోయాయి, చాలా టెన్షన్‌గా ఉంది. రెండిటికీ ఒకటే కారణమా, వేరువేరా?

రాత్రి_షిఫ్టు | సోమవారం, రాత్రి 9:31

వేరువేరు. కంగారు పడకండి, మీ సెట్టింగులు పోలేదనే నా నమ్మకం. ఈటీసీ కింద స్క్విడ్ ఫోల్డర్‌లో చూడండి. స్క్విడ్.కాన్ఫ్ పక్కనే అదే పేరుతో, చివర డాట్ డీపీకేజీ-ఓల్డ్ అని ఇంకో ఫైలుందా? అలాగే మీ స్క్రిప్టు లాగ్‌లో స్క్విడ్ అని వెతికి, ఆ చుట్టుపక్కల లైన్లలో ఏముందో చెప్పండి.

గోదావరి_గట్టు | సోమవారం, రాత్రి 9:54

ఉందండీ! నా పాత ఫైలు మొత్తం అందులోనే ఉంది. దాన్ని తిరిగి పాత పేరుతో పెట్టి, ముందు స్క్విడ్ పార్స్ చెక్ చేసి, రీలోడ్ చేశాను. ఒక ల్యాబ్ సిస్టమ్ ఆన్‌లో వదిలేసి ఉంది, అందులోంచి కర్ల్ కమాండ్‌తో ఒక పేజీ అడిగితే 200 వచ్చింది, అంటే నెట్ వచ్చేసింది. ప్రాణం లేచొచ్చింది.

లాగ్‌లో ఉన్నది ఇది. ఈ కాన్ఫిగరేషన్ ఫైలును మీరు గానీ ఏదైనా స్క్రిప్టు గానీ మార్చారు, ప్యాకేజీ ఇచ్చినవాళ్లు కూడా కొత్తది పంపారు, ఏం చేయమంటారు అని అడిగింది. వై లేదా ఐ అంటే ప్యాకేజీవాళ్లది పెట్టడం, ఎన్ లేదా ఓ అంటే ఇప్పుడున్నది ఉంచడం, డి అంటే తేడా చూపించడం, జెడ్ అంటే షెల్ తెరవడం. డిఫాల్ట్ ఎన్ అని కూడా ఉంది. దాని కిందే కొత్త కాన్ఫిగ్ ఫైలు ఇన్‌స్టాల్ చేస్తున్నాం అనే లైను. ఇది ఎర్రర్ కాదు కాబట్టి నా వెతుకులాటకు దొరకలేదు.

రాత్రి_షిఫ్టు | సోమవారం, రాత్రి 10:20

ఆ ప్రశ్నకు వై అంటే "సరే, కానివ్వు" అని కాదు. "నాది తీసేసి మీది పెట్టండి" అని. యెస్ కమాండ్ ఏ ప్రశ్నో చూడకుండా వై, వై, వై అని పంపుతూనే ఉంటుంది. ఊరికే ఎంటర్ కొట్టి ఉన్నా డిఫాల్ట్ ప్రకారం మీ ఫైలు అలాగే ఉండేది. స్క్విడ్‌తో వచ్చే అసలు ఫైలు లోకల్‌హోస్ట్‌ని, అంటే ఆ సర్వర్‌ని మాత్రమే రానిచ్చి మిగతా అందరికీ తలుపు మూస్తుంది. అందుకే సర్వీసు నడుస్తున్నా నెట్ లేదు.

ఇన్నాళ్లూ ఈ ప్రశ్న ఎందుకు రాలేదంటే, ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా పెట్టే డీపీకేజీ ప్రతి కాన్ఫిగ్ ఫైలుకూ ఒక చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే గుర్తు) రాసిపెట్టుకుంటుంది. మీరొక్కరే మార్చి ప్యాకేజీ మార్చకపోతే మీది అలాగే వదిలేస్తుంది. ప్యాకేజీ మార్చి మీరు ముట్టుకోకపోతే కొత్తది పెట్టేస్తుంది. ఇద్దరూ మారిస్తేనే అడుగుతుంది. 20.04లో స్క్విడ్ 4, 22.04లో స్క్విడ్ 5. ఒకే వెర్షన్‌లో వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లకు ఈ ప్రశ్న రావడం అరుదు. అందుకే యెస్ పైపు ఏడాదంతా బాగానే పనిచేసినట్టు కనిపించి, వెర్షన్ మార్చిన రోజున దెబ్బ కొడుతుంది.

ఇక రెండోది. వైల్ రీడ్ లూప్‌లో ఎస్ఎస్‌హెచ్ పెట్టారు కదా? ఎస్ఎస్‌హెచ్ కూడా అదే స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని, అంటే మీ ఐపీల ఫైలునే చదువుతుంది. మొదటి ఐపీని లూప్ చదివింది, మిగిలిన పది లైన్లూ ఎస్ఎస్‌హెచ్ మింగేసింది. లూప్ వెనక్కి వచ్చేసరికి ఫైలు ఖాళీ. ఎస్ఎస్‌హెచ్‌కి హైఫన్ ఎన్ ఇవ్వండి, సరిపోతుంది. ఒక రకంగా ఆ పొరపాటే మిగతా పది సిస్టమ్‌లను కాపాడింది.

పాలపిట్ట | మంగళవారం, ఉదయం 7:05

ఇక్కడ చాలామంది ఆప్ట్-గెట్‌కి హైఫన్ వై పెడితే అన్ని ప్రశ్నలూ ఆగిపోతాయనుకుంటారు, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఒక్క అప్‌గ్రేడ్‌లో మనల్ని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి వినపడదు.

ఆప్ట్-గెట్ "కొనసాగించమంటారా" అని అడుగుతుంది. హైఫన్ వై దానికి మాత్రమే జవాబు. ప్యాకేజీ లోపలి సెట్టింగులను డెబ్‌కాన్ఫ్ అడుగుతుంది, ఆ నీలం రంగు డబ్బాలు దానివే. దానికి డెబియన్ ఫ్రంటెండ్ అనే వేరియబుల్‌ని నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టాలి. కాన్ఫిగ్ ఫైలు ప్రశ్న డీపీకేజీది. దానికి ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్, ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ అనే రెండు ఆప్షన్లూ ఆప్ట్ ద్వారా పంపాలి. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్ లాంటి కొన్ని ఫైళ్లను డీపీకేజీ చూడదు, యూసీఎఫ్ అనే ఇంకో పనిముట్టు చూసుకుంటుంది. 22.04లో నీడ్‌రీస్టార్ట్ కూడా వచ్చి ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయమంటారు అని లిస్టు చూపించి కూర్చుంటుంది. దాని మోడ్ వేరియబుల్‌కి ఏ అని ఇస్తే తనే చేసుకుపోతుంది.

నేను స్వయంగా రెండు రోజులు పోగొట్టుకున్న చోటు ఒకటుంది. వేరియబుల్‌ని సుడోకి ముందు రాశాను. సుడో మామూలుగా బయటి వేరియబుల్స్‌ని లోపలికి రానివ్వదు. సుడో తర్వాత, ఆప్ట్-గెట్‌కి ముందు రాస్తేనే పనిచేస్తుంది. చూడటానికి రెండు లైన్లూ ఒకేలా ఉంటాయి, అందుకే కంటికి ఆనదు.

డాకర్ ఇమేజ్ కడుతుంటే టైమ్‌జోన్ ప్యాకేజీ టీజెడ్‌డేటా దగ్గర బిల్డ్ ఆగిపోయి, మీది ఏ ఖండం అని అడుగుతూ ఉండిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. నాన్‌ఇంటరాక్టివ్ పెడితే అడగడం మానేస్తుంది గానీ, టైమ్ యూటీసీలో ఉండిపోతుంది. మనకి ఏషియా, కోల్‌కతా కావాలంటే ఆ జవాబును డెబ్‌కాన్ఫ్-సెట్-సెలెక్షన్స్‌తో ముందే రాసిపెట్టాలి. నోరు మూయించడం వేరు, జవాబు చెప్పడం వేరు. స్క్రిప్టులో మనం చేయాల్సింది రెండోది.

వరంగల్_వాసి | మంగళవారం, ఉదయం 8:40

అక్క చెప్పిందంతా కరెక్టే. కానీ కాన్ఫ్‌ఓల్డ్ పెట్టేసి ఇక నిశ్చింత అనుకోవద్దు. ఉబుంటుకి మూలమైన డెబియన్ 7 నుంచి 8కి పోయినప్పుడు వెబ్ సర్వర్ అపాచీ 2.2 కాస్తా 2.4 అయింది. కొత్త అపాచీ సైట్ల ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్ అని ముగిసే ఫైళ్లనే చదువుతుంది. పర్మిషన్లు రాసే పద్ధతి కూడా మారింది. పాత ఫైళ్లు పాతగానే ఉంటే సైట్లు కనబడకుండా పోయేవి. పాత కాన్ఫిగ్‌ని కొత్త సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

నేనైతే అన్నకి ఇంకోటి చెప్తా. అసలు ఆ ప్రశ్నే రాకుండా చేయొచ్చు. స్క్విడ్.కాన్ఫ్‌ని ముట్టుకోకండి. పక్కనే కాన్ఫ్.డి ఫోల్డర్ ఉంటుంది, మీ ల్యాబ్ రూల్స్ అన్నీ అందులో సొంత ఫైల్లో రాయండి. అసలు ఫైలు దాన్ని కలుపుకునే లైను, అందరినీ ఆపే లైనుకి ముందే ఉంటుంది. అప్పుడు అసలు ఫైలు ప్యాకేజీవాళ్లది, మార్చుకుంటే మార్చుకోనీ. మీది మీ దగ్గరే ఉంటుంది. డీపీకేజీకి అడగాల్సిన పనే ఉండదు.

ఇంకోటి. ఉబుంటులో సెడ్‌తో పేరు మార్చి డిస్ట్-అప్‌గ్రేడ్ కొట్టడం వాళ్లు చెప్పే పద్ధతి కాదు. డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ వాడాలి. ఒక్కో వెర్షన్‌కి ఉండే చిక్కులు దానికి తెలుసు.

రాత్రి_షిఫ్టు | మంగళవారం, ఉదయం 9:02

ఉబుంటు వరకు ఒప్పుకుంటాను. డెబియన్‌లో మాత్రం సోర్సెస్ మార్చి, ముందు కొత్త ప్యాకేజీలు లేకుండా అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ చేయమని వాళ్ల రిలీజ్ నోట్సే చెప్తాయి. రెండిటినీ కలిపేసుకుని రాసిన పాఠాలు నెట్‌లో బోలెడు. గట్టు గారు కూడా అలాంటిదే చూసి ఉంటారు.

ఆ సెడ్ 24.04కి వెళ్లాక ఎలాగూ పనిచేయదు. అక్కడ ఉబుంటు వాళ్ల రిపోజిటరీ వివరాలు సోర్సెస్.లిస్ట్‌లో ఉండవు. సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో ఉబుంటు.సోర్సెస్ అనే ఫైల్లో, వేరే పద్ధతిలో ఉంటాయి. సెడ్ ఖాళీ ఫైలు మీద నడిచి, ఏమీ మార్చకుండా, విజయవంతంగా ముగుస్తుంది.

కొత్త_అడ్మిన్ | మంగళవారం, ఉదయం 11:15

నాకూ ఇలాంటి ల్యాబే ఉంది సార్. పొద్దున తొమ్మిదికి సిస్టమ్‌లు ఆన్ చేసి స్క్రిప్టు కొడితే సగం వాటిలో "కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తుంది. నేను స్క్రిప్టు మొదట్లోనే ఆ లాక్ ఫైళ్లను ఆర్ఎమ్‌తో తీసేసే లైను పెట్టుకున్నాను. అప్పట్నుంచి సమస్య లేదు. గట్టు గారూ, మీరూ పెట్టుకోండి.

పాలపిట్ట | మంగళవారం, ఉదయం 11:32

దయచేసి ఆ లైను ఇవాళే తీసేయండి తమ్ముడూ. ఇంకెవరూ దాన్ని కాపీ చేసుకోవద్దు.

ఆ ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన తాళం పడినట్టు కాదు. తాళం వేసేది కెర్నల్, ఆ ఫైలు మీద. మీరు ఫైలు తీసేస్తే లోపల పనిచేస్తున్న ప్రాసెస్ ఆగదు, దాని తాళం దానికే ఉంటుంది. మీ ఆప్ట్ అదే పేరుతో కొత్త ఫైలు పెట్టుకుని దానికి ఇంకో తాళం వేసుకుంటుంది. ఇప్పుడు ఇద్దరు ఒకే డేటాబేస్‌లో రాస్తున్నారు. ఏ రోజైతే ఇద్దరూ ఒకే క్షణంలో రాస్తారో ఆ రోజు డీపీకేజీ స్టేటస్ ఫైలు పాడవుతుంది. ఏ ప్యాకేజీ ఉందో ఏది లేదో ఆ సిస్టమ్‌కే తెలియని స్థితి అది. ఇప్పటిదాకా కాలేదంటే మీ అదృష్టం.

తొమ్మిదికే ఎందుకు వస్తుందంటే, అప్‌డేట్లను తనంతట తానే వేసే అన్అటెండెడ్-అప్‌గ్రేడ్స్‌ని నడిపే టైమర్ పొద్దున ఆరు గంటలకు ఉంటుంది. ఆ టైమ్‌లో మీ ల్యాబ్ సిస్టమ్‌లు ఆఫ్‌లో ఉంటాయి. తప్పిపోయిన పనిని ఆన్ చేయగానే చేసుకోమని ఆ టైమర్‌లో రాసి ఉంటుంది. అంటే మీరు స్క్రిప్టు కొట్టే సమయానికే అది సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటోంది. మీరు అడ్డుపడుతున్నది దానికి.

చేయాల్సింది వేచి ఉండటమే. ఆప్ట్‌కి డీపీకేజీ లాక్ టైమ్‌అవుట్ అనే ఆప్షన్ ఉంది, 20.04 నుంచీ పనిచేస్తుంది. 600 అని ఇస్తే పది నిమిషాలు ఓపిగ్గా ఆగి తన వంతు రాగానే మొదలెడుతుంది. అప్‌డేట్ కమాండ్ వాడే లిస్టుల లాక్‌కి ఇది వర్తించదు కాబట్టి, దానికి మాత్రం చిన్న లూప్ పెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించేలా రాసుకోండి.

కొత్త_అడ్మిన్ | మంగళవారం, ఉదయం 11:50

తీసేశాను అక్కా. ఇంత ప్రమాదమని నిజంగా తెలియదు. థాంక్స్.

డాలస్_నుంచి | మంగళవారం, రాత్రి 8:10

నేను పనిచేసే చోట కొన్ని వందల డెబియన్, ఉబుంటు మెషీన్లు చూసుకుంటాం. మావాళ్లు చాలా మెషీన్లను ఒకేసారి నడిపే ఆన్సిబుల్ వాడతారు. 64 సిస్టమ్‌లకు అది పెద్ద బరువేమీ కాదు, రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆ ఎస్ఎస్‌హెచ్ లూప్ తలనొప్పి పోతుంది, ఏ మెషీన్ ఫెయిలైందో చివర్లో స్పష్టంగా చెప్తుంది. కానీ పాలపిట్ట గారు చెప్పిన ప్రశ్నలు ఆన్సిబుల్‌లోనూ పోవు. వాటి జవాబులు మనమే ఆలోచించి పెట్టాలి.

ఏది వాడినా నా పట్టుదల ఒక్కదాని మీదే. అసలుది నడిపే ముందు ఆప్ట్-గెట్‌ని హైఫన్ ఎస్‌తో ఉత్తుత్తిగా నడపండి. ఏ ప్యాకేజీ పెడుతుందో ఇన్‌స్ట్ అని, ఏది తీసేస్తుందో రెమ్వ్ అని లైన్లు రాస్తుంది. స్క్రిప్టులో ఆ రెమ్వ్ లైన్లను లెక్కపెట్టించండి. మామూలు అప్‌డేట్ రోజున ఒక్కటి కనిపించినా ఆగిపోయి మీకు చూపించాలి. 2021 నవంబర్‌లో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ వీడియోలో పాప్ ఓఎస్ లినక్స్ మీద గేమ్‌ల యాప్ స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోవడం గుర్తుందా? ఏమేం తీసేయబోతోందో ఆప్ట్ స్క్రీన్ మీద రాసింది. "యెస్, డూ యాజ్ ఐ సే" అని టైప్ చేయమని కూడా అడిగింది. కళ్లముందు రాసి ఉన్నా మనిషి చదవలేదు. స్క్రిప్టు మాత్రం లెక్కపెట్టమంటే తప్పకుండా లెక్కపెడుతుంది. ఆ తర్వాత ఆప్ట్‌లో ఆ మాట టైప్ చేసి ముందుకెళ్లే దారినే మూసేశారు.

ఇంకో చిన్న మాట. స్క్రిప్టులో ఆప్ట్ కాకుండా ఆప్ట్-గెట్ వాడుతున్నారు, మంచి అలవాటు. ఆప్ట్ అవుట్‌పుట్ ఎప్పుడైనా మారవచ్చు, స్క్రిప్టుల్లో జాగ్రత్త అని అదే హెచ్చరిస్తుంది. అప్‌డేట్‌కి ఎర్రర్-ఆన్ ఎనీ అనే ఆప్షన్ 22.04లో ఉంది, తప్పక పెట్టండి. అది లేకపోతే కొన్ని లిస్టులు డౌన్‌లోడ్ కాకపోయినా పాతవి వాడుకుని సున్నా కోడ్‌తోనే బయటికి వస్తుంది. స్క్రిప్టు అంతా సవ్యంగా ఉందనుకుంటుంది.

గోదావరి_గట్టు | బుధవారం, రాత్రి 10:05

మీరందరూ చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని స్క్రిప్టు మొదటి నుంచీ మళ్లీ రాశాను. ముందుగా స్క్విడ్ రూల్స్ అన్నీ కాన్ఫ్.డిలోకి మార్చి, అసలు ఫైలును ప్యాకేజీవాళ్లది పెట్టేశాను. పరీక్షకు స్క్విడ్‌ని రీఇన్‌స్టాల్ చేస్తే ఒక్క ప్రశ్న లేదు, నెట్ ఆగలేదు.

ఇవాళ మధ్యాహ్నం ముందు రెండు సిస్టమ్‌ల మీద నడిపాను. ఎస్ఎస్‌హెచ్‌కి హైఫన్ ఎన్, సుడో తర్వాత వేరియబుల్స్, లాక్‌కి 600 సెకన్లు. యెస్ పైపు తీసేశాను. వెర్షన్ మార్చడానికి డూ-రిలీజ్-అప్‌గ్రేడ్, రోజువారీ అప్‌డేట్లకు ఆప్ట్-గెట్, రెండూ విడివిడి స్క్రిప్టులు. రెండు సిస్టమ్‌లూ 22.04తో లేచాయి.

చివర్లో ఈటీసీ మొత్తం వెతికి డాట్ డీపీకేజీ-డిస్ట్, డాట్ డీపీకేజీ-ఓల్డ్, డాట్ యూసీఎఫ్-డిస్ట్ ఫైళ్ల (పక్కన పెట్టిన కాన్ఫిగ్ కాపీల) లిస్టు ఇచ్చే లైను కూడా పెట్టాను. ఒక సిస్టమ్‌లో ఒక యూసీఎఫ్-డిస్ట్ దొరికింది, సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్ డిఫాల్ట్ సెట్టింగులది. ఎప్పుడో మానిటర్ సమస్య కోసం నేనే మార్చిన లైను. ఆ సంగతే మర్చిపోయాను, స్క్రిప్టు గుర్తుచేసింది.

ఇంకో ప్రశ్న. మాది 100 ఎంబీ లైను. 62 సిస్టమ్‌లు ఒకేసారి లాగితే క్లాసులు ఆగిపోతాయి. ఏం చేయను?

వరంగల్_వాసి | బుధవారం, రాత్రి 10:31

సర్వర్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ పెట్టు అన్నా. 3142 పోర్టు. సిస్టమ్‌లలో ఆప్ట్ ప్రాక్సీగా దాన్ని చూపిస్తే మొదటి సిస్టమ్ బయటి నుంచి తెచ్చుకుంటుంది, మిగతావి సర్వర్ నుంచే తీసుకుంటాయి. హెచ్‌టీటీపీఎస్ రిపోజిటరీలను మామూలుగా దాచుకోదు. ఉబుంటువి హెచ్‌టీటీపీవే కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

ఒకటి గుర్తుపెట్టుకో. 22.04లో ఫైర్‌ఫాక్స్ డెబ్ ప్యాకేజీ పేరుకే ఉంటుంది, లోపల స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ వస్తుంది. స్నాప్ ఈ క్యాచర్ గుండా రాదు. అది ప్రతి సిస్టమ్‌లోనూ విడిగా డౌన్‌లోడ్ అవుతుంది. అందుకని ఒకేసారి ఎనిమిదికి మించి కొట్టకు.

పాలపిట్ట | బుధవారం, రాత్రి 10:48

గట్టు గారూ, మీ వైపు కరెంటు కోతలు ఉన్నాయా? డీపీకేజీ మధ్యలో ఉండగా కరెంటు పోతే ప్యాకేజీలు సగం సగం ఉండిపోతాయి. సిస్టమ్ లేచాక డీపీకేజీకి హైఫన్ హైఫన్ కాన్ఫిగర్, హైఫన్ ఏ ఇచ్చి నడిపితే చాలావరకు కోలుకుంటుంది. మీ స్క్రిప్టు మొదటి లైనుగా దాన్నే పెట్టుకోండి, బాగున్న సిస్టమ్‌ని అది ఏమీ చేయదు. అలాగే మీరు ఇంటి నుంచి నడిపేటప్పుడు మీ నెట్ తెగినా పని ఆగకుండా, స్క్రిప్టును సర్వర్‌లో టీమక్స్ లోపల మొదలెట్టండి.

గోదావరి_గట్టు | గురువారం, ఉదయం 6:50

ఉన్నాయండీ, మధ్యాహ్నం పూట ఎక్కువ. మొదటి గదికి యూపీఎస్ ఉంది, రెండో గదికి లేదు. అందుకని మొదటి గది ఇవాళ సాయంత్రం ఎనిమిదేసి చొప్పున చేస్తాను. రెండో గది ఆదివారం పొద్దున, కరెంటు నిలకడగా ఉండే వేళ చూసి. కాన్ఫిగర్ లైను పైన పెట్టేశాను, టీమక్స్ కూడా. లాగ్‌లు ఇక్కడే పెడతాను.